నిచ్చెన కాదు, చెట్టు

పోయిన నెల ఒక ఆదివారం హాస్టల్ పిల్లలు పద్దెనిమిది మందిని వెంటేసుకుని మేము బంజారాహిల్స్ పోయినం. సినిమావాళ్ల ఇళ్లు చూపించడానికి కాదు. పిల్లలు మాత్రం అందుకే వచ్చారనుకోండి. బస్సు దిగంగానే ఫిలింనగర్ ఎటు, ఫలానా హీరో ఇల్లు ఎటు అని ఒకటే గోల. మేము తీసుకపోయింది కాసు బ్రహ్మానందరెడ్డి పార్కుకు. బంజారాహిల్స్, జూబిలీహిల్స్ బంగళాల నడుమ మిగిలిన 390 ఎకరాల గుట్టల అడవి అది. 1998లో దాన్ని జాతీయ ఉద్యానవనం చేశారు. లోపల నిజాం వంశస్తుల చిరాన్ ప్యాలెస్ ఉంది. పొద్దున పూట కార్లలో వచ్చి నడిచి పోయే పెద్దమనుషులు మన పిల్లల్ని ఎట్లా చూశారో ఇక్కడ రాయం, అది వేరే వ్యాసం అవుతుంది.

అసలు బంజారాహిల్స్ అనే పేరు ఎవరిది? ఒకప్పుడు ఈ గుట్టల మీద ఉన్న బంజారాలది, అంటే మన లంబాడీలది. పేరు వాళ్లది మిగిలింది, జాగ మిగల్లేదు. ఇప్పుడు ఆ బంగళాల్లో గిన్నెలు తోమి, కార్లు కడిగి, గేట్ల కాడ కూర్చునేవాళ్లు పక్క బస్తీల నుంచి వస్తారు. వాళ్లలో మనోళ్లే ఎక్కువ.

సరే, సంగతికొస్తాం. గేటు కాడ బోర్డు మీద 'జాతీయ ఉద్యానవనం' అని ఉంది. లోపలికి పోతే వృక్ష జాతులు, పక్షి జాతులు అని చెప్పుకుంటూ నడుస్తున్నాం. నెమలి కనపడితే 'జాతీయ పక్షి' అని ఒకడు అరిచిండు. అప్పుడు తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడు ఒకడు అడిగిండు: "అన్నా, ఇన్ని జాతులున్నయి గదా. మా ఊర్ల మమ్మల్ని జాతి తక్కువోళ్లు అంటరు. మరి మేము ఏ జాతి?"

తోటి పిల్లలు నవ్విండ్రు. మాకు నవ్వు రాలేదు. నిజం చెప్పాలంటే వెంటనే జవాబూ రాలేదు. ఈ నాలుగు పేజీలు ఆ పిల్లవాడికి మేము పడ్డ బాకీ.

మన తెలుగులో ఒక తిరకాసు ఉంది. 'జాతి' అనే ఒక్క మాటను నాలుగు పనులకు వాడతాం. దేశానికి జాతి. చెట్టూ పిట్టా రకాలకు జాతి. మంచి కోడిపుంజుకు, ఖరీదైన కుక్కకు జాతి. మనల్ని తిట్టడానికి జాతి. జీవశాస్త్రం పుస్తకం తెరిస్తే అక్కడా అదే మాట, పక్కన 'ప్రజాతి' అని ఇంకోటి. చదువుకున్న మాస్టారు కూడా ఈ నాలుగింటినీ విడదీసి చెప్పడు. దాంతో పిల్లవాడి బుర్రలో ఏం పడుతుంది? నెమలి ఒక జాతి, పాము ఒక జాతి అయినట్టే రెడ్డి ఒక జాతి, మాదిగ ఒక జాతి అని. మనువు ఎంత చెప్పినా ఎక్కనిది మాట మాటున ఎక్కిపోతుంది.

శాస్త్రంలో జాతి అంటే ఏంది? కలిసి పిల్లల్ని కనగలగాలి, ఆ పిల్లలు మళ్లీ పిల్లల్ని కనగలగాలి. అట్లాంటి జీవులన్నీ ఒక జాతి. గుర్రాన్నీ గాడిదనూ కలిపితే కంచరగాడిద పుడుతుంది, బరువులు మోస్తుంది, కానీ దాని కడుపు పండదు. గుర్రం వేరు, గాడిద వేరు అని ప్రకృతి అట్లా చెప్తుంది. (అన్నిచోట్లా ఈ గీత ఇంత సాఫుగా ఉండదు. చెట్లల్లో కొన్ని జాతుల నడుమ గీత మసకగా ఉంటుంది. అది కూడా పిల్లలకు చెప్పాలె.) మరి మాల ఇంటి పిల్ల, కమ్మ ఇంటి పిల్లగాడు పెళ్లి చేసుకుంటే పుట్టిన పిల్లలు పెరిగి, పెళ్లాడి, మనవల్ని ఇస్తున్నారా లేదా? మన కళ్ల ముందే ఇస్తున్నారు. అంటే జాతి ఒక్కటే. ఈ సాక్ష్యం చెల్లకుండా చెయ్యడానికే కత్తులు పడుతున్నరు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, ఆస్పత్రి నుంచి బయటికొస్తున్న గర్భవతి అయిన భార్య కళ్ల ముందే ఒక దళిత యువకుణ్ణి నరికించి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. నిజంగా జాతులే వేరైతే ఈ కాపలా ఎందుకు? గుర్రాలకూ గాడిదలకూ నడుమ కిరాయి హంతకులెవరూ లేరే.

ఇంకో మాట 'వర్గీకరణ'. ఇది వినంగానే మన వాడల్లో చెవులు నిక్కబొడుచుకుంటయి. 1994లో దండోరా మోగినప్పటి నుంచి ఈ మాట కోసం మనం అన్నదమ్ములం కొట్లాడుకున్నం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో 59 ఎస్సీ కులాలను మూడు గుంపులు చేస్తూ చట్టం అమలుకొచ్చింది. ఆ తీర్పు మీద ఎవరి అభిప్రాయం వారికుంది, ఉండనీయండి. మేము చెప్పేది ఒక్కటే. చట్టం చేసిన వర్గీకరణ రొట్టె పంచుకునే లెక్క. ఎవరికి ఎంత అందింది, ఎవరికి అందలేదు అని. అది రక్తం లెక్క కాదు. ఈ నడుమ మన మీటింగుల్లోనే కొందరు 'మా రక్తం వేరు, మీ రక్తం వేరు' అని మాట్లాడటం విన్నం. ఆ మాట మనువాది నోట్లోంచి జారిపడితే మనం ఏరుకున్నదే.

జీవుల్ని వర్గీకరించడంలో పేరుమోసిన పెద్దమనిషి స్వీడన్ దేశపు కార్ల్ లినేయస్. 1735లో ఆయన పుస్తకం వచ్చింది. చెట్టుకూ పిట్టకూ రెండేసి పేర్లు పెట్టే పద్ధతి స్థిరపడింది ఆయనతోనే. ఆ పద్ధతి గొప్పదే. మనిషిని తీసుకపోయి కోతుల పక్కన ఒకే గుంపులో కూర్చోబెట్టిండు, ఆ కాలానికి అది చిన్న ధైర్యం కాదు. కానీ అదే మనిషి మనుషుల్ని మళ్లీ నాలుగు రంగులుగా చీల్చిండు. తెల్లోడు చట్టంతో నడుస్తడట, నల్లోడు తన ఇష్టమొచ్చినట్టు నడుస్తడట. నాలుగు రంగులు! వర్ణం అంటే రంగే గదా. స్వీడన్‌లో కూర్చుని కూడా చాతుర్వర్ణమే రాసిండు. పువ్వుల కేసరాలు లెక్కబెట్టినప్పుడు శాస్త్రవేత్తగా ఉన్నవాడు మనుషుల దగ్గరికి వచ్చేసరికి తెల్ల దొర అయిపోయిండు.

ఆయన వారసులు మన దేశానికొచ్చారు. రిస్లీ అనే తెల్లదొర ముక్కులు కొలిచి కులాలకు ర్యాంకులిచ్చిండు. 1901 జనాభా లెక్కలు ఆయన చేతి మీదుగానే జరిగినయి. మద్రాసు మ్యూజియం దొర థర్‌స్టన్ తెలుగు జిల్లాలతో సహా దక్షిణాదంతా తిరిగి తలలూ ముక్కులూ కొలిచి 1909లో ఏడు సంపుటాలు వేసిండు. ఇంకా ఘోరం, పుట్టుకతోనే దొంగలైన కులాలున్నయని 1871లో చట్టమే చేశారు. 1911 తర్వాత అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్లా పుట్టిందే. ఎరుకలోళ్లను పట్టుకొచ్చి, హాజరు వేసి, కంచె లోపల ఉంచిన ఊరు. 1952లో చట్టం రద్దయింది. సినిమాల్లో మాత్రం రద్దు కాలేదు. 1991లో స్టూవర్టుపురం పేరుతో సినిమాలు, 2023లో మళ్లీ ఆ ఊరి దొంగ మీదే సినిమా. ఆ ఊళ్లో టీచర్లయినోళ్లు, ఉద్యోగస్తులు, చదువుకున్న ఆడపిల్లలు ఉన్నరు. వాళ్లను హీరోలుగా పెట్టి ఫిలింనగర్ ఎన్ని సినిమాలు తీసింది?

ఫిలింనగర్ పేరు వచ్చింది కాబట్టి వాళ్ల జీవశాస్త్రం గురించి కూడా చెప్పుకోవాలె. మన ఊళ్లల్లో పిల్లలు పుస్తకం కంటే ముందు నేర్చుకునే జీవశాస్త్రం అదే. జమీందారు బిడ్డ జాతరలో తప్పిపోయి గుడిసెలో పెరుగుతడు. పెరిగినా కూడా వాడి నడక, వాడి దర్జా, వాడి పౌరుషం దాగవు. ఎందుకంటే 'రక్తం'. ఇంటర్వెల్ దాటినంక తాతగారి ఫోటో ముందు అసలు సంగతి బయటపడుతది. ఈ కథ ఎన్నిసార్లు చూసి ఈలలు వేసినమో మనకే లెక్క లేదు. ఆ గుడిసెలో పెంచిన తల్లి సంగతి ఏమాయె? ఆమె పాలు, ఆమె మాట, ఆమె చాకిరి ఏదీ వాడికి అంటలేదా? వంశం పేరు చెప్పి తొడ కొట్టే సినిమాలు వేరే చెప్పాలా. తెర మీదనే కాదు, తెర వెనుకా అదే. హీరో కొడుకు హీరో, వాడి కొడుకు హీరో. నటన రక్తంలో ఉందంటరు. రక్తంలో లేదు, బ్యానర్‌లో ఉంది.

దీనికి శాస్త్రం ఏనాడో జవాబు చెప్పింది. జర్మనీలో వైస్మన్ అనే ఆయన ఎలుకల తోకలు కోసి పిల్లల్ని కననిచ్చిండు. వాటి పిల్లల తోకలూ కోసిండు. ఐదు తరాలు కోసిండు. పుట్టిన ప్రతి పిల్లా తోకతోనే పుట్టింది. బతుకులో ఒంటికి జరిగింది పిల్లలకు పుట్టుకతో దిగదు. ఈ ముక్క పిల్లలకు చెప్పినప్పుడు మాకు ఒక తాత గుర్తొచ్చిండు. దొర గడీలో వెట్టి చేసి చేసి నడుం వంగిపోయినాయన. ఆయన వంగిన నడుం ఆయన కొడుక్కి రాలేదు, మనవడికి రాలేదు. దొర మీసం కూడా దొర మనవడికి పుట్టుకతో రాదు. రెండువేల ఏళ్లు తల వంచినా మన పిల్లలు తల ఎత్తుకునే పుడుతున్నరు. దిగేది భూమి పట్టా, దిగనిది ఆకలి. అది రక్తం కాదు, రిజిస్ట్రాఫీసు.

ఇప్పుడు నిచ్చెన సంగతి. పరిణామం అనంగానే అందరి కళ్ల ముందూ ఒక బొమ్మ వస్తుంది. ఎడమ పక్క వంగిన కోతి, మెల్లగా లేస్తూ లేస్తూ, కుడి చివర నిటారుగా నిలబడ్డ మనిషి. ఆ మనిషి ఎప్పుడూ తెల్లగానే ఉంటడు. ఆ బొమ్మ తప్పు. అది నిచ్చెన బొమ్మ. డార్విన్ 1837లో తన నోటు పుస్తకంలో గీసుకున్నది చెట్టు. ఒక మొదలు, దాని నుంచి కొమ్మలు, కొమ్మల నుంచి రెమ్మలు. ఏ రెమ్మా ఇంకో రెమ్మకు పై మెట్టు కాదు. ఈ పొద్దు బతికి ఉన్న ప్రతి జీవీ, పేడపురుగూ నెమలీ మనిషీ, అంతే దూరం నడిచి వచ్చింది.

'కోతి నుంచి మనిషి పుడితే ఇంకా కోతులెందుకున్నయి?' అని రచ్చబండ కాడ అడిగేవాళ్లకు మన భాషలో జవాబుంది. నువ్వూ మీ పాలోళ్లూ ఒకే ముత్తాత సంతానం. నువ్వు పుట్టినవు కాబట్టి మీ పాలోళ్లు చచ్చిపోవాల్నా? చింపాంజీ మనకు తాత కాదు, పాలోడు. ఆ ఉమ్మడి ముత్తాత ఆరేడు పది లక్షల ఏళ్ల కింద కాదు, అరవై డెబ్బై లక్షల ఏళ్ల కింద ఉన్నడు. ఇంతే సంగతి. దీన్ని అర్థం చేసుకోవడానికి ఇంగ్లీషు రావాల్సిన పని లేదు, పాలోళ్ల చావుకు మైల పట్టిన ఎవరికైనా అర్థమైతది.

నిచ్చెన కావాల్సినవాళ్లకు మాత్రం చెట్టు నచ్చదు. 2018 జనవరిలో ఒక కేంద్రమంత్రి డార్విన్ తప్పన్నడు, కోతి మనిషిగా మారడం మన పెద్దలెవరూ చూడలేదన్నడు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి, డార్విన్ కన్నా దశావతారాలే మెరుగైన సిద్ధాంతమని మాట్లాడిండు. చేప, తాబేలు, పంది అని వరుసగా మెట్లు ఎక్కి వామనుడి కాడికి వస్తది ఆ కథ. వామనుడు ఎవరి నెత్తిన కాలు పెట్టిండో మనకు ఒకరు చెప్పాల్నా? జోతిబా ఫూలే 1873లోనే 'గులాంగిరి'లో ఈ అవతారాల కథల్ని ఒక్కొక్కటి విప్పి పెట్టిండు.

డార్విన్ గురించి మన పిల్లలకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. 1826లో ఆయన ఎడిన్‌బరోలో డాక్టరు చదువు చదువుతున్న పదిహేడేళ్ల పిల్లగాడు. చదువు ఎక్కలేదు. ఆ ఊళ్లోనే జాన్ ఎడ్మన్‌స్టన్ అనే నల్ల మనిషి ఉండేవాడు. దక్షిణ అమెరికా గయానాలో బానిసగా బతికి, విడుదలై వచ్చినవాడు. పిట్టల తోలు చెడిపోకుండా ఒలిచి, లోపల కూరి, బతికున్న పిట్టలా నిలబెట్టే విద్య ఆయన జీవనోపాధి. డార్విన్ డబ్బులిచ్చి, రోజుకో గంట చొప్పున ఆయన దగ్గర కూర్చుని ఆ పని నేర్చుకున్నడు. తర్వాత 1831 నుంచి 1836 దాకా ఓడ మీద లోకం తిరిగినప్పుడు, గాలపాగోస్ దీవుల పిట్టల్ని తోలు తీసి ఇంటికి తెచ్చింది ఆ విద్యతోనే. ఆ తోళ్లను బల్ల మీద పరిచి ముక్కులు పోల్చి చూస్తేనే, ఒక మూల నుంచి ఎన్ని కొమ్మలు వచ్చినయో తేలింది. తోలు పని తక్కువ పని అని మనకు చెప్పినోళ్లు ఈ ముక్క చదవాలె.

పార్కులో తంగేడు కాడ ఆగినం. పిల్లలకు బతుకమ్మ పువ్వుగా తెలుసు, రాష్ట్ర పుష్పం అని క్విజ్‌లో తెలుసు. దాని బెరడుతోనే మన ముత్తాతలు తోలు ఊనేవాళ్లని ఒక్కరికి తప్ప తెలియదు. ఆ ఒక్క ఆడపిల్ల వాళ్ల అమ్మమ్మ ఇంట్లో లంద చూసిందట. ఏ బెరడులో ఊన్తే తోలు గట్టిపడుతదో, ఎన్ని రోజులు ఉంచాల్నో చూసి, పోల్చి, తప్పులు దిద్దుకుని నేర్చుకున్నరు. వర్గీకరణ అంటే ఇదే గదా. తెల్లోళ్లు కూడా ఇంగ్లీషులో దాన్ని తోలు ఊనేవాళ్ల చెట్టు అనే పిలుస్తరు. పాత పుస్తకాల్లో దాని శాస్త్రీయ నామం కేసియా ఆరిక్యులేటా. ఇప్పుడు సెన్నా ఆరిక్యులేటా. సాక్ష్యం కొత్తది దొరికితే శాస్త్రం తన జాబితా మార్చుకుంటది. మనుస్మృతి ఎన్నిసార్లు మార్చుకుంది?

మన మనుషుల సంగతి శాస్త్రం ఏం తేల్చిందో కూడా చెప్పాలె. హైదరాబాదులోనే, ఉప్పల్ రోడ్డు మీద హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. అక్కడి లాల్జీసింగ్, తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2009లో ఒక పరిశోధన ప్రకటించిండ్రు. దేశంలో 25 గుంపుల నుంచి 132 మంది డీఎన్ఏ చూస్తే, దాదాపు అందరూ రెండు పాత మూలాల కలగలుపే అని తేలింది. పాళ్లలో హెచ్చుతగ్గులు ఉన్నయి, అది దాచాల్సిన పని లేదు. కలవనివాడు మాత్రం లేడు. 2013లో 73 గుంపుల మీద చేసిన ఇంకో పరిశోధనలో, ఈ కలగలుపు సుమారు 4200 ఏళ్ల నుంచి 1900 ఏళ్ల కింది దాకా జోరుగా జరిగిందని, ఆ తర్వాత ఆగిపోయిందని తేలింది. అంటే ముందు అందరూ కలిసిండ్రు. తర్వాత కంచె పడింది. అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో కులం అనేది ఒకే జాతి జనం మధ్య పెట్టిన సామాజిక విభజనే తప్ప జాతుల విభజన కాదని వాదించిండు. 1948లో దొరల ముక్కు కొలతల లెక్కలనే తీసుకుని, అంటరానివాళ్ల జాతి వేరు కాదని చూపించిండు. ప్రయోగశాల ఆయన వెనకాల 73 ఏళ్లకు వచ్చింది.

'జాతి కుక్కలు లేవా, మనుషుల్లోనూ అట్లనే' అంటరు కొందరు. జూబిలీహిల్స్‌లో కుక్కకు కూడా వంశవృక్షం సర్టిఫికెట్ ఉంటది మరి. కుక్కల రకాలు మనిషి చేసినవి. దేన్ని దేనితో కలపాల్నో గొలుసు పట్టుకుని నిర్ణయించి చేసినవి. అయినా ఊరకుక్కా ఆ కుక్కా ఒకే జాతి. మన దేశంలో అదే గొలుసు ఆడపిల్లల మెడకు వేసిండ్రు. దాంతో ఏం సాధించిండ్రు? గొప్ప రక్తమేదీ తయారు కాలేదు. తయారైంది రోగం. మన తెలుగు వైశ్యుల్లో కొందరికి ఆపరేషనప్పుడు కండరాలు సడలించే ఒక మందు ఇస్తే తొందరగా విరగదు, ఊపిరికి ఇబ్బంది అవుతుంది. తరతరాలు లోపల్లోపలే చేసుకున్న పెళ్లిళ్ల వల్ల ఆ లోపం వాళ్లలో చాలా ఎక్కువ. ఇది వాళ్లను ఎత్తిపొడవడానికి రాయడం లేదు. మేనరికాలు మన ఇళ్లల్లో లేవా? ఉపకులం దాటి పిల్లనిస్తున్నమా? ఆ గొలుసు మనమూ పట్టుకునే ఉన్నం.

పార్కులో ఒక పెద్ద బండ మీద పిల్లల్ని కూర్చోబెట్టి లెక్క చెప్పినం. ఈ గుట్టల నల్లరాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ వయసును ఒక పగలూ రాత్రి అనుకుంటే, మనిషి పుట్టి పది సెకండ్లయింది. కులం కంచె పడి సెకండులో పదో వంతు కూడా కాలేదు. ఒక పిల్లవాడు చిటికె వేసి 'గింతనా?' అన్నడు. చిటికె కన్నా తక్కువ అన్నం.

ఇవన్నీ బడిలో చెప్పాల్సినవి. బడి ఏం చేసింది? కేంద్రం వాళ్ల ఎన్‌సీఈఆర్‌టీ కరోనా పేరు చెప్పి 2022లో పదో తరగతి నుంచి పరిణామం తగ్గించింది. 2023లో పుస్తకంలోంచే తీసేసింది. 'అనువంశికత, పరిణామం' అనే పాఠంలో 'అనువంశికత' ఒక్కటే మిగిలింది. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు తప్పని రాసిండ్రు. పన్నెండులో ఉంది గదా అన్నరు. పన్నెండులో జీవశాస్త్రం తీసుకునేది ఎంతమంది? పదితోనే బడి మాని సెంట్రింగు పనికి, ఆటోకు, పత్తి చేనుకు పోయేది ఎవరి పిల్లలు? వాళ్లకు వంశం పాఠం మిగిల్చి చెట్టు పాఠం తీసేసిండ్రు.

అందుకే గ్రామ కమిటీల వాళ్లకు ఒక పని చెప్తున్నం. మీ ఊరి బడిలో తొమ్మిది, పది తరగతుల జీవశాస్త్రం పుస్తకాలు తెప్పించుకుని, పరిణామం ఎంత ఉందో, మాస్టారు చెప్తుండో దాటేస్తుండో చూసి మాకు కార్డు రాయండి. పిల్లల్నే అడగండి, వాళ్లు నిజం చెప్తరు. లంద పని తెలిసిన ముసలోళ్లు ఊళ్లో మిగిలి ఉంటే వాళ్ల పేర్లూ రాయండి. వచ్చే నెల ఇంకో హాస్టల్ పిల్లల్ని తీసుకుని మళ్లీ పోతున్నం. ఈసారి తంగేడు కాడ చెప్పేది మేము కాదు, వాళ్లే చెప్పాలె.

ఆ పిల్లవాడికి ఆ రోజు బస్సులో చెప్పిన జవాబు కూడా రాస్తున్నం. "మీ ఊరి దొర, నువ్వు, నేను, అమెరికా వాడు, అందరం హోమో సేపియన్స్. జాతి ఒక్కటే." వాడు కాసేపు కిటికీలోంచి చూసి, "దొరకు తెలుసా అన్నా?" అన్నడు.